పుట్టగొడుగు కింద ఏముంది?

మొన్న అక్టోబరులో మా బోటనీ విద్యార్థులం శేషాచలం కొండల్లో తలకోన అడవికి వెళ్ళాము. ముందురోజు రాత్రంతా వాన. కాలిబాటకు అటూయిటూ, ఎండుకొమ్మల మీద, పేడమీద, రాలిన ఆకుల నడుమ ఎక్కడ చూసినా పుట్టగొడుగులే! మిత్రులంతా జలపాతం ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటుంటే, నేను బురదలో మోకాళ్ళమీద కూర్చుని వాటికి ఫోటోలు తీస్తున్నాను. "ఏరా, సాయంత్రం కూరకేనా?" అని ఒక మిత్రుడు ఎగతాళి చేశాడు. అందరూ నవ్వారు. అప్పుడు జవాబు చెప్పలేదు. ఈ సావనీరులో చెప్పుకుంటాను.

మాది మెట్ట వ్యవసాయం. శనక్కాయ వేస్తాము, కొద్దిగా రాగి. గట్లమీద చెదపుట్టలున్నాయి. వానలు పడ్డాక ఆ పుట్టల దగ్గర తెల్లగా మొలిచేవాటిని మా అవ్వ తెల్లవారకముందే ఏరుకొచ్చేది. ఆ రోజు ఇంట్లో పండగే. కోడికూర కూడా దాని ముందు దిగదుడుపని నాయన అంటాడు.

పోయిన సంవత్సరం వానాకాలంలో మా చెల్లెలు హాస్టలుకు ఒక ఫోటో పంపింది. "అన్నా, ఇవి తినేవేనా? నువ్వు బోటనీ గదా" అని. తెల్లటి గొడుగు, మీద గోధుమరంగు పొలుసులు. పైనుంచి తీసిన చక్కటి ఫోటో. సెల్ ఫోనులో పేరు చెప్పే యాప్ ఒకటుంది, అందులో వేసి చూశాను. తినదగిన జాతి పేరేదో చూపింది. రెండో సంవత్సరం పాసయిన గర్వం ఒకటి ఉంది గదా, "తినొచ్చు" అని జవాబిచ్చాను.

రాత్రి ఇంటినుంచి ఫోను. అవ్వ ఒకదాన్ని తిరగేసి చూసిందట. కింద మడతలు పచ్చగా ఉన్నాయి. కాడ పట్టి లాగితే వేరూ గీరూ లేకుండా చేతిలోకి ఊడొచ్చింది. మొత్తం తీసుకెళ్ళి పేడదిబ్బలో పారేసింది. "కింద చూడకుండా ఎట్ల చెప్పినాడే వాడు? బొమ్మను జూసి కూర వండమన్నాడా?" అని అడిగిందని చెల్లెలు చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

తర్వాత మా లెక్చరరుగారి సాయంతో తెలుసుకున్నాను. ఆ పచ్చ మడతల్నిబట్టి అది క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్ అయివుండాలి. లేతగా ఉన్నప్పుడు మడతలు తెల్లగానే ఉంటాయి, ముదిరేకొద్దీ పచ్చబడతాయి. తిన్న కొద్ది గంటల్లోనే వాంతులు, విరేచనాలు. దానికంటే ఘోరమైనవి అమానిటా జాతిలో కొన్ని. తిన్నాక ఆరు గంటలో, పన్నెండు గంటలో ఏమీ తెలియదు, ఆ తర్వాత కాలేయం దెబ్బతింటుంది. ఉడికించినా ఆ విషం పోదు. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో ఏరుకొచ్చిన పుట్టగొడుగులు తిని పదిమందికి పైగా చనిపోయారు. తేయాకు తోటల కుటుంబాల వాళ్ళే ఎక్కువ.

మరి అవ్వ ఎరిగిన పుట్టగొడుగు ఏది? దానిది టెర్మిటోమైసిస్ ప్రజాతి. ఆ పేరు పెట్టింది ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రోజర్ హైమ్, 1942లో. ఆయన పేరు మీదుగా మన దక్షిణ భారతంలో దొరికే ఒక జాతికి 1979లో నటరాజన్ టెర్మిటోమైసిస్ హైమియై అని పేరుపెట్టారు. నేలలోపల చెదపురుగులు తాము నమిలిన పుల్లాపుడకతో తేనెపట్టులాంటి తోట కట్టి, అందులో ఈ బూజును పెంచి తింటాయి. ఈ సేద్యం మొదలై సుమారు 3 కోట్ల సంవత్సరాలయిందట. మనిషి సేద్యానికి గట్టిగా పదీ పన్నెండు వేల ఏళ్ళు! మా శనక్కాయ చేనును తినేసే చెదను తిట్టుకుంటూ పెరిగినవాణ్ణి, అదీ సాటి రైతేనని తెలిసి కాసేపు తెల్లబోయాను. తోటనుంచి పైకి రావాలి కాబట్టి గొడుగు నడినెత్తిన మొన ఉంటుంది, కాడకింద పొడుగాటి వేరులాంటిది లోతుకు దిగివుంటుంది. అవ్వ లాగి చూసింది దానికోసమే. పుట్ట గొడుగు అని పేరుపెట్టిన మన పెద్దలకు ఈ సంబంధమంతా ఎంతో కొంత తెలిసే ఉండాలి.

ఇంకొక సంగతి. మంచివేవో, విషమేవో అవ్వకు తెలుసని ఇన్నాళ్ళూ అనుకున్నాను. కాదు. ఆమెకు తెలిసింది ఒక్కటే రకం. అది కానివన్నీ ఆమెకు కుక్కగొడుగులే, ముట్టదు. అందుకే ఇన్నేళ్ళుగా తప్పు జరగలేదు. ప్రతిదానికీ ఒక పేరు చెప్పెయ్యాలనే ఆత్రం నాది.

అందుచేత నా మనవి ఏమంటే, ఫోటో చూసి తినొచ్చని ఎవరూ ఎవరికీ చెప్పవద్దు. బోటనీ వాళ్ళం అసలు చెప్పవద్దు. అలాగని ఫోటోలు మానమని కాదు. జాతీయ వనంలో దేన్నీ పెరకడానికి వీల్లేదు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ఉంది, పెరకవలసిన అవసరమూ లేదు. మరి కింద చూసేదెట్లా? తలకోనలో నాకు తోచిన ఉపాయం ఇది: సెల్ ఫోనును గొడుగు కింద నేలమీద వెల్లకిలా పెట్టి, మన ముఖం తీసుకునే కెమెరాతో పైకి తియ్యాలి. మడతలు, వాటి రంగు, కాడచుట్టూ ఉంగరముంటే అదీ స్పష్టంగా వస్తాయి. పక్కన రూపాయి బిళ్ళ ఉంటే పరిమాణం తెలుస్తుంది. అది దేనిమీద మొలిచిందో, కట్టెమీదా, మట్టిలోనా, పేడలోనా, అదీ ఫోటోలో రావాలి. ఇవేవీ లేని ఫోటో గోడకు తగిలించుకోవడానికి పనికొస్తుంది, అంతే.

ఆ రోజు చొక్కా గుండీ అంత గిన్నెలు కొన్ని ఎండుపుల్లమీద చూశాను. లోపల గుడ్లలాంటి పలుకులు! సయాథస్. వానచినుకు గిన్నెలో పడితే ఆ దెబ్బకు పలుకులు ఎగిరి దూరంగా పడతాయి, విత్తనం చల్లినట్టు. ఎగతాళి చేసిన మిత్రుణ్ణి పిలిచి చూపించాను. తర్వాత వాడూ మోకాళ్ళమీదే కూర్చున్నాడు, జలపాతం దగ్గరికి మళ్ళీ పోలేదు.

ప్రాక్టికల్సులో మనం అగారికస్ మడతను కొన్న స్లయిడులోనే చూసి రికార్డులో గీస్తున్నాము. కిటికీ బయట గడ్డిలో వానకు మొలిచినవాటిని తొక్కుకుంటూ ఆ గదికి వెళతాము! శిలీంధ్రాలు మొక్కలే కావని, వాటిది వేరే రాజ్యమని 1969లో విట్టేకర్ చెప్పింది పరీక్షలో వ్రాస్తాము. ఏడాదికి ఒక్క ప్రాక్టికలయినా వానాకాలంలో ఆరుబయట పెట్టమని మా డిపార్టుమెంటు పెద్దలను కోరుతున్నాను. హాస్టలు మిత్రులు ఎవరి ఊళ్ళో వాటిని ఏమంటారో, పెద్దవాళ్ళు వాటిని దేన్నిబట్టి గుర్తుపడతారో అడిగి వ్రాసుకొస్తే ఒక నోటుబుక్కు నిండుతుంది. ఆ నోటుబుక్కు నేను మొదలుపెట్టాను. మా వింగులో నలుగురు ఇప్పటికే ఇచ్చారు.

ఈ ఏడు తొలివానలకు చెల్లెలు మళ్ళీ ఫోటోలు పంపింది. ఈసారి నాలుగు. పైనుంచి ఒకటి, కిందనుంచి ఒకటి, పుట్టతో కలిపి ఒకటి, మట్టి తవ్వి ఆ పొడుగాటి వేరు చూపిస్తూ ఒకటి. తినొచ్చా అని మాత్రం అడగలేదు. నాలుగో ఫోటోలో, ఒక మూల, గడ్డపార పట్టుకున్న అవ్వ చెయ్యి కనబడుతున్నది.