మన యూరి వానను మనమే కొలువవలెను

“ఈ యేడు వానలెట్లున్నవి?” అని మన ప్రాంతమున ఏ రైతు నడిగినను సమాధానము వెంటనే వచ్చును. “నిరుటికంటె మేలు” అని యొకరందురు. “మా తాతగారి కాలపు వానలు ఇప్పుడెక్కడివి?” అని మఱియొకరందురు. అయితే నిరుడెంత కురిసినది, ఈ యేడెంత కురిసినది అని తిరిగి యడిగినచో చెప్పగలవారు అరుదు. పాలు పోయునప్పుడు లీటరుతో కొలుచుచున్నాము. వేరుసెనగకాయలు అమ్మునప్పుడు తూకమును రెండుమార్లు చూచుకొనుచున్నాము. ఆ పాలకును, ఆ కాయలకును మూలమైన వానను మాత్రము కంటిచూపుతో అంచనా వేసి ఊరకుండుచున్నాము. ఈ లోపమును తీర్చుకొనుటకు నేడు మంచి సాధనము లభించుచున్నది. అదియే ఇంటివద్ద నుంచుకొనదగిన తీగలేని వాతావరణ కేంద్రము. వైర్‌లెస్ వెదర్ స్టేషన్ అని అంగళ్లలో దాని పేరు. దానిని గూర్చిన మా యభిప్రాయమును విద్యార్థుల యెదుటను, తల్లిదండ్రుల యెదుటను ఉంచుచున్నాము.

మన పెద్దలు వానను లెక్కింపలేదని మేము చెప్పుట లేదు. మృగశిర మొదలు స్వాతి వరకు ఏ కార్తెలో కురిసిన వాన ఏ పైరునకు హితమో వారెఱుగుదురు. భూమి ఎంత లోతు తడిసినదో చూచి, పదునైనదనియో కాలేదనియో నిర్ణయింతురు. ఇది అనుభవము వలన కలిగిన జ్ఞానము. దీనిని చులకన చేయరాదు. కాని పదును నేలను బట్టి మారును. ఒకే వాన ఇసుకపాలు గల ఎఱ్ఱనేలలో లోతుగా ఇంకును. బంకనేలలో పైపైననే నిలుచును. కావున ఒక చేని పదునుతో మఱియొక చేని వానను పోల్చుటకు వీలులేదు. ఎక్కడనైనను మారని కొలత యొకటి కావలెను. నిటారు గోడలు గల పాత్రలో నిలిచిన నీటి యెత్తే ఆ కొలత. ఇది మనకు క్రొత్తది కాదు. ధాన్యాగారమున వాననీటిని కొలుచుటకు పాత్రను నిలుపవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రముననే చెప్పబడియున్నది.

నేడు ఆ యెత్తును మిల్లీమీటర్లలో చెప్పుదురు. ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు వాన యనగా ఒక లీటరు నీరు. 10 మిల్లీమీటర్ల వాన కురిసినచో ఒక ఎకరముపై 40,000 లీటర్లకు పైగా నీరు పడినదన్నమాట. ఈ లెక్క తెలిసిన బాలుడు తన తండ్రి చేనికి ఆకాశము ఎంత నీరిచ్చినదో చెప్పగలడు.

వానను ప్రభుత్వమువారు కొలుచుచున్నారు గదా, మనకేల ఈ శ్రమ యని కొందఱనవచ్చును. నిజమే. 1875లో ఏర్పడిన భారత వాతావరణ శాఖ నేటికిని ప్రతిదినము ఉదయము 8.30 గంటలకు దేశమంతట వానను లెక్కించుచున్నది. కాని వాన ఊరూరికిని వేఱు. 2024వ సంవత్సరము నవంబరు 30వ తేది రాత్రి ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి వద్ద తీరము దాటినది. సముద్రమునకు ఇంత దూరముననున్న మన మెట్టప్రాంతముపైకి ఆ మేఘములు వచ్చి కుండపోతగా కురిసినవి. డిసెంబరు 2వ తేది ఉదయముతో ముగిసిన ఒక్క దినమున ఊత్తంగరైలో సుమారు 50 సెంటీమీటర్ల వాన నమోదైనది. హరూరులో సుమారు 33 సెంటీమీటర్లు. ఒక దినమున 20.4 సెంటీమీటర్లు దాటిన వానను వాతావరణ శాఖవారు అత్యంత భారీ వర్షముగా గణింతురు. ఊత్తంగరైలో కురిసినది దానికి రెండింతలు మించినది. దక్షిణ పినాకిని పొంగి, దిగువనున్న సాత్తనూరు జలాశయమునుండి సెకనుకు లక్షన్నర ఘనపుటడుగులకు పైగా నీరు విడువవలసి వచ్చినది.

తీర్థమలై ఈ రెండూళ్లకును చేరువనే యున్నది. అంత కొద్ది దూరములో 17 సెంటీమీటర్ల భేదము కనబడినప్పుడు, మన కొండవాలున, మన చేలలో కురిసిన వాన యెంత? ఆ రెండంకెలలో దేనిని మనదనుకొనవలెను? మన ముంగిట ఒక వర్షమాపకము ఉండి, దానిని చూచి వ్రాసెడివారు ఒకరుండినచో ఈ ప్రశ్నకు సమాధానము దొరకెడిది. పంటనష్టమును నిర్ణయించునప్పుడు అధికారులు తమ కొలతనే ప్రమాణముగా గైకొందురు. అయినను ఏ దినమున ఎంత కురిసినదో వ్రాసియుంచుకొన్న యూరు తన కష్టమును స్పష్టముగా చెప్పుకొనగలదు. “చాల వాన కురిసినది” అను మాటకును, “ఒక్క రాత్రిలో ఇంత కురిసినది” అను మాటకును గల భేదమును గ్రహింపుడు.

ఇక సాధనమును గూర్చి. దీనియందు రెండు భాగములుండును. ఒకటి ఆరుబయట నుండును. రెండవది ఇంటిలో నుండును. బయటి భాగమున ఉష్ణమాపకము, గాలిలోని తేమను తెలుపునది, గాలివేగమునకు తిరుగు గిన్నెల చక్రము, గాలి దిక్కును చూపు తోక, వర్షమాపకము అమర్చబడియుండును. వర్షమాపకపు గరాటు క్రింద తక్కెడవంటి చిన్న గిన్నెల జత యొకటి కలదు. ఒక గిన్నె నిండగానే ఒరిగి నీటిని పాఱబోయును. వెంటనే రెండవది గరాటు క్రిందికి వచ్చును. ఎన్నిసార్లు ఒరిగినదో లెక్కించి యంత్రము వానను తెలుపును. పెక్కు సాధనములలో ఒక్కొక్క ఒరుగుడు 0.2 లేక 0.3 మిల్లీమీటరు వానకు సమానము. ఈ యంకెలన్నియు రేడియో తరంగముల ద్వారా ఇంటిలోని ఫలకమునకు చేరును. మైదానమున నూఱు మీటర్ల వఱకు అందవచ్చును గాని, కాంక్రీటు గోడలును ఇనుపరేకులును అడ్డువచ్చినచో ఆ దూరము మిక్కిలి తగ్గును. కొనునప్పుడు మన దేశమున అనుమతిగల తరంగముతో పనిచేయు దానినే కొనవలెను. అమెరికా కొఱకు చేసిన 915 మెగాహెర్ట్జ్ సాధనములను తెప్పించుకొనరాదు.

సాధనమును కొనుట సులభము. దానికి తగిన చోటు చూచుట కష్టము. మా దృష్టిలో ఇదియే ముఖ్యమైన పని. ఎండలో నుంచిన ఉష్ణమాపకము గాలి వేడిమిని చెప్పదు. తనకు తగిలిన యెండను చెప్పును. అందుచేతనే స్కాట్లండు దేశపు దీపస్తంభముల ఇంజనీరు థామస్ స్టీవెన్‌సన్ 19వ శతాబ్దమున తెల్లరంగు పూసిన జాలీపెట్టెను కల్పించి, ఉష్ణమాపకమును దానిలో నుంచెను. కథారచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ ఆయన కుమారుడే. నేటి సాధనములలో ఆ పెట్టెకు బదులు పళ్లెములు ఒకదానిపై నొకటి పేర్చినట్లు తెల్లని కవచముండును. అది నేలకు సుమారు మీటరున్నర యెత్తున, మట్టినేలపైనో గడ్డిపైనో ఉండవలెను. కాంక్రీటు మిద్దెపైన, రేకుల కప్పు దగ్గఱ, వంటింటి పొగ తగులుచోట ఉంచినచో మన ఊరి వేడిమికి బదులు ఆ మిద్దె వేడిమియే తెలియును.

వానకు వేఱొక నియమము. చెట్టుగాని గోడగాని ఎంత యెత్తున్నదో, వర్షమాపకము దానికి కనీసము రెండింతల దూరముననుండవలెను. పది అడుగుల గోడయైనచో ఇరువది అడుగులు. లేనిచో గాలివాటున వాలివచ్చు వాన దానిలో పడదు. కొబ్బరిమట్టలనుండి కాఱు నీరు వానగా లెక్కకు వచ్చును. గరాటు నోరు ఏ వైపునకును వాలక సమముగా నుండవలెను. గాలికైతే మూడవ నియమము. పది మీటర్ల యెత్తున, ఏ యడ్డంకియు లేనిచోట కొలువవలెనని శాస్త్రజ్ఞులందురు. అన్నియు ఒకే కంబమునకు బిగించిన సాధనమున ఈ మూడు నియమములును ఒక్కచోట కుదురవు. అప్పుడు దేనికి ప్రాధాన్యమీయవలెను? రాగులు, సామలు, వేరుసెనగలు పండించు మన ప్రాంతమున వానకే మొదటి స్థానము, తరువాత వేడిమికి, చివరకు గాలికి. ఉరుములు మెఱుపులు ఉన్నప్పుడు ఎవ్వరును ఆ కంబము దరికి పోరాదు.

యంత్రము చెప్పినదెల్ల సత్యమని నమ్మరాదు. పరీక్షించి నమ్మవలెను. గరాటు నోటి వైశాల్యము 100 చదరపు సెంటీమీటర్లైనచో, 200 మిల్లీలీటర్ల నీటిని కొలిచి మెల్లగా ధారకట్టి పోయవలెను. ఫలకముపై 20 మిల్లీమీటర్లు కనబడవలెను. తక్కువగా కనబడినచో గిన్నెలలో మట్టియో, సాలెగూడో, చీమలో చేరియుండును. కుండపోత వానలలో గిన్నెలు ఒరుగు నెడములో కొంత నీరు లెక్కకు రాక పోవును గూడ. కావున ప్రక్కనే నిటారుగోడల గాజుపాత్ర నొకదానిని ఉంచి, స్కేలుతో నీటి యెత్తును చూచి సరిపోల్చుకొనుట మేలు. వాతావరణ పీడనమునకును సవరణ కావలెను. పైకి పోవుకొలది ప్రతి 8 లేక 9 మీటర్లకు ఒక మిల్లీబారు చొప్పున పీడనము తగ్గును. మన ప్రాంతము సముద్రమట్టమునకు కొన్ని వందల మీటర్ల యెత్తున నున్నది. ఆ భేదమును యంత్రమునకు తెలుపనిచో అది నిత్యమును తుఫాను రానున్నదని భయపెట్టుచుండును.

ఇంత చేసియు అంకెలను వ్రాసియుంచనిచో ఈ సాధనము ఆటవస్తువే. కావున మా ముఖ్యమైన కోరిక యిది: ప్రతి పాఠశాలలో ఒక వాతావరణ పుస్తకము ఉండవలెను. ప్రతిదినము, సెలవు దినములలో సైతము, ఉదయము 8.30 గంటలకు ఇద్దఱు విద్యార్థులు వంతుల ప్రకారము చూచి వ్రాయవలెను. తేది, వాన, పగటి హెచ్చు వేడిమి, రాత్రి తక్కువ వేడిమి, తేమ, గాలి దిక్కు అను గళ్లతోపాటు విశేషములని మఱియొక గడి యుండవలెను. ఫలకముపై నక్షరములు ఇంగ్లీషున నుండును. పుస్తకమున వ్రాత తెలుగున నుండవలెను. విశేషముల గడిలో చినుకా, జల్లా, ముసురా, జడివానా, వడగండ్లా యని వ్రాయుడు. చేను పదునైనదా యని మీ తాతగారిని, అమ్మమ్మగారిని అడిగి వారి మాటను అంకె ప్రక్కనే వ్రాయుడు. బావిలో నీరెన్ని మెట్లు దిగినదో వ్రాయుడు. కొండపై రామతీర్థపు ధార ఎట్లున్నదో చూచివచ్చినవారి నడిగి వ్రాయుడు. పదేండ్లు గడచిన పిమ్మట మన యెఱ్ఱనేల పదును కావలెనన్న ఎన్ని మిల్లీమీటర్ల వాన కావలెనో, వాన తగ్గిన యెన్నాళ్లకు ధార సన్నగిల్లునో ఆ పుస్తకమే చెప్పును. ఈ జ్ఞానము ఏ యంగడిలోను దొరకదు; ఏ ఫోనులోను కనబడదు. ఫోనులో కనబడునది దూరపు కేంద్రముల కొలతలనుండియు, ఉపగ్రహములనుండియు లెక్కగట్టిన అంచనా. మన ముంగిట పడిన నీరు కాదు. అయితే తుఫాను హెచ్చరికలకు మాత్రము వాతావరణ శాఖ మాటనే వినవలెను. మన యంత్రము పడిన వానను కొలుచును గాని, రాబోవు తుఫాను మార్గమును చెప్పజాలదు.

ఈ పనికి మన భాషవారిలో మంచి మార్గదర్శకులున్నారు. గోడే వెంకట జగ్గారావుగారు చెన్నపట్టణపు నక్షత్రశాలలో టేలరు దొర యొద్ద ఖగోళశాస్త్రము నేర్చి, 1840లో విశాఖపట్టణమున సొంత వేధశాలను నెలకొల్పిరి. వారి అనంతరము అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు డిప్యూటీ కలెక్టరు ఉద్యోగమును విడిచి ఆ వేధశాలను నడిపిరి. 1874లో శుక్రగ్రహము సూర్యబింబమునకు అడ్డముగా సాగుటను అచటినుండి పరిశీలించిరి. వాతావరణ పరిశీలనములను క్రమముగా వ్రాసి ప్రకటించిరి. సంపన్నులైనవారు ఎంతో వ్యయముతో చేసిన పనిలో కొంత భాగమును నేడు కొన్ని వేల రూపాయలతో ఒక పాఠశాల చేయగలదు. అదియు లేనిచో గాజుపాత్రయు స్కేలును చాలును. వానను కొలుచుటకు డబ్బుకంటె నియమము ముఖ్యము.

తల్లిదండ్రులలో కొందఱు, “తెలుగు చదివినందువలన ఏమి ఫలము?” అని యడుగుచుందురు. ఈ రాష్ట్రమున తమిళమును, లోకవ్యవహారమునకు ఇంగ్లీషును మన పిల్లలు నేర్చుకొనవలసినదే, చక్కగా నేర్చుకొనవలెను. కాని పండుగలకును పలకరింపులకును మాత్రమే మిగిలిన భాష క్రమముగా సన్నగిల్లును. కొలతకును, లెక్కకును, పరిశీలనకును వాడిన భాష నిలుచును. పదును, ముసురు, జడివాన యను మాటలను మన పిల్లలు నిఘంటువులో వెదకికొను కాలము రాకూడదన్నచో, వారు ఆ మాటలను నేడే తమ చేతితో వ్రాయవలెను. వ్రాసినదానిని మనలోనే దాచుకొనవలదు. పాఠశాల వాకిట నల్లబల్లపై ప్రతిదినము ఆ యంకెను తెలుగునను తమిళమునను వ్రాయుడు. వాన భాషను చూచి కురియదు. మన ప్రక్కచేని తమిళ సోదరునకును ఆ యంకె కావలసినదే.

విద్యార్థులారా! వచ్చు ఈశాన్య ఋతుపవనమునకు ముందే పాత్రను నిలుపుడు, పుస్తకమును తెఱువుడు. తల్లిదండ్రులారా! ఉదయము పిల్లవాడు స్కేలు పట్టుకొని పెరటిలోనికి పోవునప్పుడు, “చదువు మాని ఏమి చేయుచున్నావు?” అని మందలింపకుడు. అదియు చదువే. మొదటి సంవత్సరపు లెక్క పూర్తియైన పిమ్మట దానిని ఈ పత్రికలోనే ప్రకటింప గోరుచున్నాము.