సగం నీళ్లయ్యాక వెనక్కే

అమెరికాలో ఉన్న మా బ్యాచ్‌లో పెళ్లయిన ప్రతి జంటా ఒక ఎడారి ఫొటో పెట్టాల్సిందే. తెల్లటి ఇసుక దిబ్బ, దాని మీద ఇద్దరి నీడలు, కింద ఒక హార్ట్ ఎమోజీ. మా ఆయన అలాంటిదొకటి చూపించి "మనమూ ఎప్పుడైనా ఎడారికి వెళ్దామా?" అన్నాడు. నేను పిడుగురాళ్లకి ట్రైన్ టికెట్లు తీశాను. పుట్టింటికి వెళ్లడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు.

పల్నాడు ఎడారి కాదు, నిజమే. పత్తి, మిర్చి పండే నేల. కానీ రోడ్డు దిగి కొండ వైపు నడిస్తే నల్లరేగడి అయిపోయి రాయి మొదలవుతుంది. సర్కారు తుమ్మ తప్ప నీడ ఉండదు. రెంటచింతల పేరు ప్రతి ఎండాకాలం వార్తల్లో మీరు వింటూనే ఉంటారు, అది మా పక్కనే. శ్రీనాథుడి పేరుతో ప్రచారంలో ఉన్న పల్నాటి చాటువులు చూస్తే రాళ్ల మీదా, జొన్నకూటి మీదా ఆయన కోపమంతా కనిపిస్తుంది. కోనసీమలో పుట్టిన మా ఆయన అంతకంటే మర్యాదస్తుడు. "బాగానే ఉంది, కాస్త పొడిగా ఉంది" అని ఊరుకున్నాడు.

మేం వెళ్లాలనుకున్నది గుత్తికొండ బిలానికి. పిడుగురాళ్ల మండలంలోనే. పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికి వచ్చేయొచ్చు. బయల్దేరే ముందు రాత్రి మా ఆయనకి ఒక సంగతి చెప్పాను. ఆ ఎడారి ఫొటోల్లో కనపడనిది.

న్యూ మెక్సికోలోని వైట్ శాండ్స్‌లో 2015 ఆగస్టులో ఒక ఫ్రెంచ్ జంట, తొమ్మిదేళ్ల కొడుకుతో నడకకి వెళ్లింది. దారి రానూపోనూ కలిపి 8 కిలోమీటర్ల లోపే. ఎండ 38 డిగ్రీలు. మనకి మార్చి నెలాఖరుకే ఉండేంత, అంతే. ముగ్గురి దగ్గరా ఉన్నవి రెండు చిన్న నీళ్ల సీసాలు. కొంత దూరం పోయాక ఆమెకి ఒంట్లో బాగాలేదు. తను కారు దగ్గరికి వెళ్తానని ఒక్కతే వెనక్కి తిరిగింది. తండ్రీ కొడుకులు ముందుకెళ్లారు. ఆమె దారిలోనే పడిపోయి చనిపోయింది. ఆయన అవతల ఎక్కడో చనిపోయాడు. పిల్లాడు బతికాడు. తాము ఒక గుక్క తాగితే వాడికి రెండు గుక్కలు పట్టారట, బహుశా అదే వాణ్ణి కాపాడిందని అక్కడి షెరీఫ్ చెప్పాడు.

అందరూ ఈ కథలో నీళ్ల గురించే మాట్లాడతారు. అక్కడి పార్కు వాళ్లు మనిషికి రోజుకో గ్యాలన్, అంటే దాదాపు 3.8 లీటర్లు పట్టుకెళ్లమంటారు. సరే. నన్ను పట్టుకుని వదలనిది మాత్రం ఆ విడిపోవడం. మనమూ అదే చేస్తాం కదా. "నువ్వు వెళ్లి కార్లో కూర్చో, నేను పైదాకా చూసొస్తా." ప్రేమగానే అంటాం. ఇక ఆడవాళ్లయితే ఆ మాట పడటం ఇష్టం లేక, నోరెత్తకుండా ఎక్కేస్తారు. మా అమ్మ కోటప్పకొండ మెట్లన్నీ మోకాళ్ల నొప్పితో ఎక్కింది. దిగాక రెండు రోజులు మంచం దిగలేదు. మధ్యలో ఆగుదామని మాత్రం అనలేదు.

అందుకని మేం రెండు ఒప్పందాలు చేసుకున్నాం. ఒకటి, తెచ్చుకున్న నీళ్లు సగం అయ్యాయంటే ఎక్కడున్నా వెనక్కే. రెండోది, ఇద్దరిలో ఎవరు "చాలు" అన్నా ఇద్దరమూ తిరిగొచ్చేయాలి. ఎందుకని అక్కడ అడక్కూడదు. ఇంటికొచ్చాక అడగొచ్చు.

బిలం సంగతికొస్తే, అదంతా సున్నపురాయి. వాన నీళ్లు గాలిలోంచీ మట్టిలోంచీ కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని కాస్త పుల్లబడతాయి. ఆ నీళ్లు పగుళ్లలోకి దిగి యుగాల తరబడి రాయిని కరిగిస్తే ఇలాంటి గుహలు పుడతాయి. ఇదే జాతి రాయిని మా ఊరి బట్టీల్లో 900 డిగ్రీల దాకా కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పైకి పోయి సున్నం మిగులుతుంది. టెన్త్‌లో ఈక్వేషన్ బట్టీ పట్టాను కానీ, ఊరు మొత్తం దాని మీద బతుకుతోందని మా టీచర్ ఒక్కసారీ అనలేదు.

కథలూ తక్కువేం లేవు. ముచికుందుడు నిద్రపోయిందీ, కాలయవనుడు బూడిదయిందీ ఇక్కడేనంటారు. కారెంపూడి యుద్ధం తర్వాత బ్రహ్మనాయుడు ఈ బిలంలోకే వెళ్లిపోయాడంటారు. 1969లో చారు మజుందార్ వచ్చి నక్సలైట్లతో రహస్యంగా సమావేశమైందీ ఇక్కడే. తొలి ఏకాదశికి జనం విరగబడతారు. మేం వెళ్లింది డిసెంబర్‌లో, మామూలు రోజు.

లోపలికి పోయేకొద్దీ ఉక్క. ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే పోయాయి. గుహల్లో గాలి కదలని పల్లపు చోట్ల కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, అది గాలి కంటే బరువు. వాసన ఉండదు. తలనొప్పి, ఆయాసంతోనే తెలియాలి. మా ఆయన టార్చి పట్టుకుని ముందు నడుస్తున్నాడు. "లోపల నీళ్ల మడుగు ఉందన్నావుగా, అదొక్కటీ చూసేద్దాం" అన్నాడు. నాకు తల బరువుగా అనిపించింది.

"చాలు" అన్నాను.

ఆయన ఆగాడు. టార్చి ఇంకా లోపలి వైపే ఉంది. ఒక పది సెకన్లు పట్టింది వెనక్కి తిరగడానికి. ఏమీ అడగలేదు కానీ బయటికొచ్చేదాకా మాట్లాడనూ లేదు. హైదరాబాద్ నుంచి వచ్చి ఆ మడుగు చూడకుండా తిరగడం చిన్న విషయమేం కాదు, నాకూ తెలుసు. తల బరువు గాలికో, ఉక్కకో, భయానికో. లోపల నిలబడి తేల్చుకునే విషయం కాదది. రాత్రి అడిగాడు, చెప్పాను. "మళ్లీ తొలి ఏకాదశికి రావాలి, అప్పుడైతే లోపల మనుషులుంటారు" అన్నాడు. అల్లుడు మళ్లీ వస్తానన్నాడని మా అమ్మ తెగ సంబరపడింది.

బిలం నుంచి వచ్చే దారిలో పత్తి తీతకి వెళ్లొస్తున్న ఆడవాళ్ల ఆటో ఒకటి మా దగ్గర ఆగింది. ఒక్కొక్కరి కాళ్ల దగ్గరా ఒక నీళ్ల క్యాను. ఏ ట్రెక్కింగ్ గ్రూపులోనూ నేను అన్ని నీళ్లు చూడలేదు.

"ఎవురమ్మాయివమ్మా? ఇద్దరే వచ్చారా ఎండన పడి?" అని ఒక పెద్దావిడ క్యాను మూత తీసింది. మా బ్యాగులో ఇంకా సగం ఉన్నాయని నేను చెప్పేలోపే మా ఆయన దోసిలి పట్టేశాడు.