ఒక పిల్లవాడు – రెండు ఆఫీసులు



పోయిన ఏడు మా సాంచెల కార్ఖానాలో ఒక సోదరుడు నైట్ షిఫ్టులో పనిచేస్తూ గుండె ఆగి సాంచె పక్కనే కన్నుమూశాడు. అన్నం డబ్బా తెచ్చిన అతని 12 ఏళ్ల కొడుకు అది కళ్లారా చూశాడు. నెల తిరక్కుండానే పిల్లవాడు ఇల్లు విడిచి రైలెక్కాడు. ఒక స్టేషన్లో రైల్వే పోలీసులకు దొరికితే బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరిచారు. సమితి వాళ్లు కోప్పడలేదు. అన్నీ అడిగి రాసుకున్నారు. కొన్ని రోజులు హోములో ఉంచి, తల్లి చేత సంతకం పెట్టించుకుని అప్పగించారు. అంతటితో వాళ్ల పని అయిపోయింది.

ఇంటికొచ్చిన పిల్లవాడికి నిద్ర లేదు, మాట లేదు. సాంచెల చప్పుడు వింటే చెవులు మూసుకుంటాడు. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. చివరికి సర్కారు దవాఖానకు పోతే మానసిక వైద్యుడు వారానికి ఒక్క రోజే వస్తాడన్నారు. తల్లికి తెలుగు తప్ప రాదు, డాక్టరుకు తెలుగు రాదు. నేను వెంట వెళ్లాను. ఏం జరిగిందని డాక్టరు మొదటి నుంచి అడగాల్సి వచ్చింది. పిల్లవాడి ఎదుటే ఆ తల్లి అంతా మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఆ సంగతులన్నీ రాసిన కాగితం అప్పటికే సమితి బీరువాలో ఉంది! అడిగితే, వైద్యం మా పని కాదని అక్కడ, ఆ కాగితాలు మా శాఖవి కావని ఇక్కడ. ఈ తిరుగుడులో ఆమెకు ఆరు రోజుల బీడీల కూలి పోయింది.

ఇది చట్టం లేక జరిగింది కాదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం సమితిలో అధ్యక్షునితో కలిపి ఐదుగురు ఉంటారు, నెలకు కనీసం 20 రోజులు కూర్చోవాలి. ప్రతి పిల్లవాడికి విడిగా ఒక సంరక్షణ ప్రణాళిక రాయాలి. తిండి, చదువుతో పాటు మనసుకు కావలసినదీ అందులో ఉండాలి. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం సర్కారు దవాఖానల్లో మానసిక వైద్యాన్ని హక్కుగా చేసింది, పిల్లల వైద్యాన్ని ప్రత్యేకంగా చెప్పింది. రెండు చట్టాలూ మంచివే. కానీ ఒక ఆఫీసు నుంచి రెండో ఆఫీసుకు పిల్లవాణ్ణి చేయి పట్టుకుని తీసుకుపోయే మనిషే లేడు.

"రహస్యంగా ఉంచాలి కదా" అంటారు అధికారులు. నిజమే. రహస్యమంటే వీధికి చెప్పకపోవడం. వైద్యం చేసే డాక్టరుకు చెప్పకపోవడం కాదు.

ఇది సాధ్యం కాని పని కూడా కాదు. మన తెలుగువాళ్లు ఎందరో ఉన్న బళ్లారి జిల్లాలో 1985లో బెంగళూరు నిమ్హాన్స్ వాళ్లు మొదలుపెట్టిన పనిని చూడండి. మామూలు ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, సిబ్బందికి శిక్షణ ఇచ్చి మానసిక వైద్యాన్ని పల్లెల దాకా తెచ్చారు. ఆ నమూనా మీదే 1996లో దేశంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. దవాఖానను పల్లెకు తేగలిగినవాళ్లు, ఒకే ఊళ్లో ఉన్న రెండు ఆఫీసులను కలపలేరా?

అందుకే మనం అడగవలసినవి ఇవి:

1. సమితి ముందుకు వచ్చిన ప్రతి పిల్లవాడి మానసిక స్థితి చూడాలి. అవసరమైతే ఉత్తరం రాసి, తేదీ ఇప్పించి డాక్టరు దగ్గరకు పంపాలి.

2. ఇంటికి పంపిన తర్వాత ఆరు నెలలు, సమితికీ దవాఖానకూ బడికీ మధ్య తిరగడానికి జిల్లా బాలల రక్షణ విభాగం నుంచి ఒక్క మనిషిని బాధ్యుడిగా పెట్టాలి.

3. తెలుగు కార్మికులు ఎక్కువగా ఉన్న చోట తెలుగు తెలిసినవాళ్లను పెట్టాలి. కన్నతల్లి బాధను పక్కింటివాడు అనువదించే గతి ఉండకూడదు.

"జీతం, బోనస్ వదిలి యూనియన్‌కు ఇదెందుకు?" అని కొందరు అడుగుతున్నారు. పిల్లవాడు కుంగిపోతే ఆ ఇంట్లో కూలి పోతుంది, బడి మానుతుంది, ఆఖరుకు వాడి చేతికి కండె వస్తుంది. ఇది కూలి సమస్యే.

మన వంతు మనమూ చేయాలి. సమితి అంటే పిల్లల్ని లాక్కుపోతుందని భయపడకండి. హోములో పెట్టడం ఆఖరి మార్గమేనని చట్టమే చెబుతోంది. తండ్రి పోయిన పేద పిల్లలకు, అర్హత ఉంటే, మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. జిల్లా బాలల రక్షణ విభాగంలో అర్జీ పెట్టండి. పిల్లలు ఆపదలో ఉంటే 1098కి ఫోన్ చేయండి. మనసు బాగాలేకపోతే 14416కి చేయండి. రెండూ ఉచితం, రాత్రీ పగలూ పలుకుతాయి. 14416లో తెలుగులోనూ మాట్లాడవచ్చు. ప్రతి శాఖా ఇలాంటి కుటుంబం వెంట వెళ్లేందుకు ఒక సభ్యుణ్ణి నియమించాలి, ఆ రోజు కూలి యూనియన్ ఇవ్వాలి.

ఆ పిల్లవాడు ఇప్పుడు దవాఖానకు పోతున్నాడు. రాత్రులు నిద్ర పడుతోంది. బడికి మాత్రం ఇంకా పోవడం లేదు. వాడిని బడి దాకా తీసుకుపోయే బాధ్యత ఏ శాఖదో ఇప్పటికీ ఎవరూ చెప్పడం లేదు. వచ్చే సర్వసభ్య సమావేశంలో మనం అడుగుదాం.