జీవిత పరమార్థమును ఒక్క వాక్యంలో రాయుము (5 మార్కులు)

ఈ మధ్య మా ఆఫీసులో ఒక తతంగం జరిగింది. మమ్మల్నందర్నీ రోజంతా ఒక హాల్లో కూర్చోబెట్టి, "కళ్ళు మూసుకోండి, మీ జీవిత లక్ష్యం ఏంటో లోపల వెతుక్కోండి, ఒక్క వాక్యంలో రాయండి" అన్నారు. నేనూ మూసుకున్నాను. నిజం చెప్పొద్దూ, మధ్యాహ్నం తిన్న బిర్యానీ తప్ప లోపల ఇంకేం కనపడలేదు.

కళ్ళు తెరిస్తే అందరూ గబగబా రాసేస్తున్నారు. సగం మంది చాట్‌జీపీటీని అడిగి రాస్తున్నారనుకోండి, అది వేరే సంగతి. "టెక్నాలజీ ద్వారా కోట్లమంది జీవితాల్లో అర్థవంతమైన మార్పు తేవడం"... ఇదే వాక్యాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ పదిమంది చదివారు. పదిమందికీ చప్పట్లు కొట్టాం. ఎవరి జీవితం, ఏం మార్పు అని అడిగిన పాపాన పోలేదెవరూ.

నా గోల ఏంటంటే, ఈ పద్ధతే తలకిందులు.

మాది ద్వారకా తిరుమల. చిన్న తిరుపతి అంటే మీకు ఇంకా బాగా తెలుస్తుందేమో. మా వైపు ఒక ఆచారం ఉంది. పెద్ద తిరుపతి వెంకన్నకి మొక్కుకుని అంత దూరం వెళ్ళలేకపోతే, ఆ మొక్కు మా కొండ మీద తీర్చుకోవచ్చు. మా స్వామికి మొక్కింది మాత్రం మా దగ్గరే తీర్చాలి. చిన్నప్పట్నుంచీ ఆ మెట్ల మీద రకరకాల మొక్కులు విన్నాను. "లోకకల్యాణం కోసం ఏదో ఒకటి చేస్తా స్వామీ" అని మొక్కినవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు. "పిల్లాడికి జ్వరం తగ్గితే తలనీలాలిస్తా" అంటారు. ఎవరికోసమో ఉంటుంది, ఏం జరగాలో ఉంటుంది, నేనేం ఇవ్వాలో ఉంటుంది. చదువురాని మా ఊరి ముసలమ్మ మాటలో ఉన్న ఈ స్పష్టత, ఆరోజు హాల్లో ప్రొజెక్టరు మీద పడ్డ ఏ వాక్యంలోనూ లేదు.

మా పక్క భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారినే తీసుకోండి. పదమూడేళ్ళప్పుడు కాశీ వెళ్ళి యాత్రికులకి అరటిపళ్ళమ్మి డబ్బు గడిద్దామని ఇంట్లోంచి పారిపోయారు. తర్వాత సన్యాసం పుచ్చుకుందామనుకుంటే వాళ్ళమ్మగారు ఒప్పుకోలేదు. మద్రాసులో వైద్యం చదివి, ఖద్దరు కట్టినందుకు ప్రొఫెసరు గారి కోపానికి గురై ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకున్నారు. సోదరులిద్దరు ఎనిమిది రోజుల తేడాలో స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. ఆయనకి ఆనాడు మా ట్రైనింగు ఇచ్చుంటే ఏం రాసేవారు? అరటిపళ్ళ వ్యాపారమనా, మోక్షమనా?

అమెరికా వెళ్ళారు. హార్వర్డులో శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరారు. అక్కడ ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం స్ప్రూకి మందయింది. అన్నదమ్ములు పోయిన పాతికేళ్ళకి! ఆ బృందమే 1947లో బోదకాలు వ్యాధికి డీఈసీ మందు ఇచ్చింది. చూశారా, మొక్కింది ఒక చోట, తీర్చింది ఇంకో చోట.

ఆ డీఈసీ మాత్రలు మా చిన్నప్పుడు బళ్ళో పంచేవాళ్ళు. నోట్లో పెట్టుకుని, బయటికెళ్ళి ఉమ్మేసేవాణ్ణి. ఇంట్లో మా నాన్నమ్మకి బోదకాలు. కొల్లేటి పక్క లంకలో పుట్టిన మనిషి. అంత కాలేసుకుని మెట్లెక్కి కొండకొచ్చేది, అది కూడా నా ఇంజనీరింగు సీటు మొక్కు తీర్చడానికి. ముదిరిన వాపుని ఆ మాత్ర తగ్గించలేదు కానీ, ఒంట్లో చేరిన పురుగు పిల్లల్ని చంపి ఇంకొకరికి అంటకుండా ఆపుతుంది. అంటే అది అచ్చంగా నాకోసం వచ్చిన మాత్ర. ఈ సంగతి నాకు తెలిసేసరికి నాన్నమ్మ లేదు.

"అయితే లక్ష్యం లేకుండా గాలికి కొట్టుకుపొమ్మంటావా?" అంటారు కొందరు. కాదండీ బాబూ! మాటల్లో పెట్టాల్సిందే. పెట్టకపోతే మనం ఎవరికి బాకీయో మనమే మర్చిపోతాం. ఇంకొకరు, "నువ్వు చెప్పేది మరీ చిన్నది, పెద్దగా ఆలోచించాలి" అంటారు. సుబ్బారావు గారి మందు కోట్లమందికి చేరింది, నిజమే. మొదలైంది మాత్రం ఇంట్లో లేచిన శవాల దగ్గర. కోట్ల దగ్గర మొదలుపెట్టినవాడికి ఒక్క మొహమూ గుర్తుండదు.

ఇంతకీ నేనేం రాశానంటారా? మా టీము చేసేది ఆసుపత్రులకీ ఇన్సూరెన్సు కంపెనీలకీ మధ్య నడిచే సాఫ్ట్‌వేరు. నాన్నమ్మని ఆఖరిసారి ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు, పొద్దున్నే డిశ్చార్జి అన్నారు. అప్రూవల్ రాక రాత్రి ఎనిమిదింటి దాకా మంచం మీదే కూర్చుంది. "ఇంకెంతసేపురా?" అని ఆవిడ అడుగుతూనే ఉంది.

అందుకని ఇలా రాశాను: "డిశ్చార్జి అయిన మనిషి అప్రూవల్ కోసం మంచం మీద కూర్చోకుండా ఇంటికెళ్ళాలి."

"ఇందులో విజన్ లేదు, మళ్ళీ రాయండి" అన్నారు. మళ్ళీ రాయలేదు. అయిదుకి సున్నా వచ్చినా ఫర్వాలేదు.

మరి మీ వాక్యంలో ఎవరున్నారు?