గోడ లోపలి ఊళ్లో పది రోజులు

మా మేనకోడలు జర్మనీ నుంచి ఫొటోలు పంపింది. క్రొయేషియాలో సముద్రం ఒడ్డున డుబ్రోవ్నిక్ అని పాత ఊరట, చుట్టూ ఎత్తైన రాతిగోడ. ఎండాకాలం కాలుపెట్టే సందుండదు, చలికాలం పోతే ఊరంతా మనదే అని రాసింది. మా గ్రూపులో ఆడవాళ్లందరూ "అదృష్టం ఉండాలి" అన్నారు. బాగానే ఉంది గానీ, సూర్యాపేటలో బస్సెక్కి తొర్రూరు, వర్ధన్నపేట మీదుగా వరంగల్ పోతే గోడ లోపలి ఊరు మనకూ ఉంది కదా! ఆధార్ చూపిస్తే జీరో టికెట్. 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో మనకు టికెట్ లేదాయె.

మనవాళ్లు ఖిలా వరంగల్ చూడలేదని కాదు. వేయి స్తంభాల గుడి, భద్రకాళమ్మ దర్శనం అయ్యాక గంట మిగిలితే ఖిలాకు పోతారు. తోరణం ముందు నిలబడి ఫొటో, ఖుష్ మహల్ ఒక చుట్టు, మళ్లీ బస్టాండు. దాన్ని చూడడం అనను. అది హాజరు వేయించుకోవడం.

మా పెద్ద వదిన ఉండేది ఆ కోటలోనే. ఆమెకు మోకాలి ఆపరేషన్ అయినప్పుడు సాయానికి పోయి ధనుర్మాసంలో పది రోజులున్నాను. తెల్లారుజామున సాంపి చల్లి ముగ్గేస్తుంటే మంచులో గోడ కనిపించదు. ఎండ వచ్చాక రాయి రాయీ బయటపడుతుంది. కోట దర్వాజా దారి తిన్నగా ఉండదు, మలుపు తిరిగి లోపలికి వస్తుంది. శత్రువు ఏనుగులు ఒక్క ఊపున రాకుండా అలా కట్టారంటారు. ఇప్పుడు ఆ మలుపులో పాలబండ్లు, స్కూలు ఆటోలు హారను కొట్టుకుంటూ వస్తాయి. గోడకూ గోడకూ నడుమ పొలాలు. పొద్దుగూకితే అనపకాయలు ఉడకబెట్టుకుని గడప మీద కూర్చుని ఒలుచుకు తినేవాళ్లం. సంక్రాంతి ముందు నలుగురు ఆడవాళ్లు చేరి బట్ట మీద సకినాలు చుడుతుంటే, ఏడువందల ఏళ్ల నాటి రాళ్ల పక్కన ఉన్నామని ఎవరికీ గుర్తుండదు. నాకైతే అదే నచ్చింది.

గణపతిదేవుడి రాతికోటను ఎత్తు పెంచి గట్టి చేసింది ఆయన కూతురు రుద్రమదేవి అని చరిత్రలో రాశారు. దాని బయట మట్టికోట, కందకం. ఆమె 1289లో పోయిందని చెప్పే శాసనం దొరికింది ఎక్కడో కాదు, మన నకిరేకల్ దగ్గరి చందుపట్లలో. సూర్యాపేట పక్కన పిల్లలమర్రిలోనేమో ఎరకసానమ్మ పేరు మీద వెలసిన ఎరకేశ్వరాలయం. మన చుట్టూ ఆడవాళ్ల పేర్లతో ఇంత చరిత్ర ఉంటే, మన పిల్లలు దాన్ని మార్కుల కోసం చదివి మర్చిపోతున్నారు.

అయితే కోటలో కాపురం ఫొటో అంత సుఖం కాదు. పురాతన కట్టడాల చట్టాన్ని 2010లో సవరించారు. దాని ప్రకారం కేంద్రం రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం కూడదు. ఆ తర్వాత ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి తీసుకోవాలి. పాత ఇంటి మరమ్మతుకూ కాగితం కావాలి. వదినకు మోకాలు వంగదు, బాత్రూమేమో పెరట్లో ఆ చివర. "పిల్లా, రాళ్లను చూడటానికి ఆఫీసరొస్తడు, నా మోకాలును చూడటానికి ఎవరొస్తరు?" అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

మా ఆయన మాత్రం ఒప్పుకోరు. అడ్డు లేకపోతే తోరణాల నెత్తిన అపార్టుమెంట్లు లేస్తాయంటారు. నిజమే, లేస్తాయి. తెలంగాణ రాజముద్ర మీదికెక్కిన తోరణం అది, దాని పక్కన నాలుగంతస్తులు ఎవరికి కావాలి? కానీ మేడకూ బాత్రూముకూ తేడా ఉంది. ముసలివాళ్లున్న ఇంట్లో లోపలే బాత్రూము కట్టుకోవడానికి కాగితం త్వరగా చేతికి రావాలి, అది కూడా ఊళ్లోనే ఒక చోట. అడిగేది ఎక్కువగా ఆడవాళ్లే, తిరగలేక ఊరుకునేదీ వాళ్లే.

డుబ్రోవ్నిక్ గురించి మేనకోడలు ఫోనులో ఇంకో సంగతి చెప్పింది. గోడ లోపలి ఇళ్లు చాలావరకు యాత్రికులకు అద్దెకిచ్చేశారట. సొంత ఊరివాళ్లు బయటికి వెళ్లిపోయారు, చలికాలం రాత్రి చాలా కిటికీల్లో దీపమే ఉండదట. మన ఖిలాలో ఇంకా ప్రతి ఇంట్లో దీపముంది, పొయ్యి వెలుగుతోంది. కష్టపెట్టి వాళ్లను పంపేస్తే మిగిలేది టికెట్ కౌంటరే.

ఈ చలికాలం అక్కడ చుట్టాలెవరైనా ఉంటే రెండు రాత్రులు ఉండి రండి. చుట్టాలు లేకపోతే ఊళ్లో గది తీసుకుని పొద్దున్నే ఆరింటికి దర్వాజా దగ్గరికి పోండి. స్వెటరు మర్చిపోకండి, రాతిగోడ పక్కన చలి రెండింతలు.