బిడ్డ తీరు తెలియకుండా పెంపకమా?

ఒకే కడుపున పుట్టిన ఇద్దరు పిల్లలు ఒకేలా ఉండరు. ఒకరు వేళకు పాలు తాగి వేళకు నిద్రపోతారు, కొత్తవాళ్లు ఎత్తుకున్నా నవ్వుతారు. మరొకరు నీళ్లు పోస్తే వీధి దద్దరిల్లేలా ఏడుస్తారు, కొత్త ముద్ద పెడితే ఉమ్మేస్తారు. పాలు తాగే వయసులోనే కనబడే ఈ తేడా చాలావరకు పుట్టుకతో వచ్చింది. అయినా ఏడ్చే బిడ్డను చూసి బంధువులు వేలెత్తి చూపేది తల్లినే. ‘తల్లి పెంపకం అలా ఉంది’ అన్న మాట ఎందరు ఆడవాళ్లను చెయ్యని తప్పుకు దోషులను చేసిందో!

తప్పంతా తల్లిదేననే ధోరణి అమెరికా వైద్యుల్లోనూ ఉండేది. అది సరికాదని నమ్మిన అలెగ్జాండర్ థామస్, స్టెల్లా ఛెస్ అనే మనోవైద్య దంపతులు 1956లో న్యూయార్క్‌లో ఒక పరిశీలన మొదలుపెట్టారు. 133 మంది పిల్లలను పసితనం నుంచి పెద్దయ్యేదాకా గమనించారు. నూటికి 40 మంది ఇట్టే సర్దుకుపోయేవాళ్లు, 10 మంది సతాయించేవాళ్లు, 15 మంది కొత్తదానికి మెల్లగా అలవాటుపడేవాళ్లు. మిగిలినవాళ్లు ఏ గాటనా కట్టలేని పిల్లలు. స్వభావానికీ పెంపకానికీ పొత్తు కుదిరిందా లేదా అన్నదే అసలు సంగతని ఆ దంపతులు తేల్చారు.

వాళ్లు కార్ల్ అని పేరు మార్చి రాసిన పిల్లవాడి కథ దీనికి మంచి ఉదాహరణ. మొదటి స్నానం, మొదటి గట్టి ఆహారం, బడిలో మొదటి రోజులు, అన్నిటికీ పెద్ద రాద్ధాంతమే. తండ్రి మాత్రం దాన్ని పొగరనుకోలేదు, జోరనుకుని మురిసిపోయాడు. తొందరపెట్టకుండా ఆగితే ప్రతి కొత్తదీ పాతబడి పిల్లవాడికి నచ్చేది. అలా నెమ్మదిగా పెరిగిన కార్ల్, ఇల్లు విడిచి కాలేజీకి వెళ్లగానే తల్లడిల్లాడు. కొత్త ఊరు, కొత్త చదువు, కొత్త స్నేహాలు అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. చిన్ననాటి నుంచీ తన తీరు ఇదేనని ఛెస్ గుర్తుచేశాక, ఒక్కొక్కటిగా అలవాటు చేసుకుని ఆ ఏడాదిలోనే తేరుకున్నాడు. అప్పటికి కార్ల్ యువకుడు.

తెలుగు రాష్ట్రాల్లో ఇల్లు విడిచే ఆ పరీక్ష పదిహేను, పదహారేళ్లకే వస్తోంది. పదో తరగతి ఫలితాలు రాకముందే కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు ఇంటికొచ్చి ఇంటర్ రెసిడెన్షియల్ సీటు ఖాయం చేస్తున్నారు. జూన్‌లో పెట్టె సర్దుకుని వెళ్లిన పిల్లవాడికి గది కొత్త, పక్కమంచం మనిషి కొత్త, కూర కొత్త. తెల్లవారకముందే లేపే గంట, రాత్రి దాకా స్టడీ అవర్స్, వారం తిరిగేసరికి ర్యాంకుల జాబితా. ఇట్టే సర్దుకునే పిల్లలు ఎలాగో నెట్టుకొస్తారు. మెల్లగా కుదురుకునే పిల్లలకు అది శిక్షే. ఔటింగ్ రోజున అమ్మను చూసి ఏడ్చిన పిల్లవాడికి దొరికే జవాబు: ‘పక్కింటి వాడు ఉండలేదా?’

పెంపకంలో ప్రేమా ఉండాలి, హద్దూ ఉండాలని 1960లలోనే అమెరికా మనస్తత్వవేత్త డయానా బామ్రిండ్ చెప్పింది. ఈ హాస్టళ్లలో హద్దే తప్ప ప్రేమకు చోటు లేదు. పేరెంట్స్ మీటింగుల సంగతి మరీ ఘోరం. లెక్కల్లో ఎన్ని పోయాయి, ఏ సెక్షన్‌కు మార్చాలి అన్నదే మాట. పిల్లవాడు తింటున్నాడా, నిద్రపోతున్నాడా, ఎవరితోనైనా మాట్లాడుతున్నాడా అని అటు లెక్చరరూ చెప్పడు, ఇటు తండ్రీ అడగడు.

కొత్తకు బెదిరే పిల్లలకు ఇంటికి దగ్గరలో డేస్కాలర్ సీటే సరైన సీటు. ర్యాంకు కొంచెం తగ్గినా సరే.