మొర్రికి కారణం గ్రహణం కాదు

గ్రహణం పట్టే రోజున చాలా ఇళ్లలో కడుపుతో ఉన్న ఆడపిల్లకు ఆంక్షలు మొదలవుతాయి. తలుపులు, కిటికీలు మూసేస్తారు. కత్తిపీట ముట్టనివ్వరు, అన్నం తిననివ్వరు, మంచం మీద అటూ ఇటూ కదలనివ్వరు. మాట వినకపోతే బిడ్డ గ్రహణం మొర్రితో పుడుతుందని భయపెడతారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన నేల మీదుగా సాగినప్పుడు రంగాపూర్ అబ్జర్వేటరీలో శాస్త్రవేత్తలు దాన్ని పరిశీలిస్తుంటే, జనంలో చాలామంది తలుపులు వేసుకుని లోపల కూర్చున్నారు. ఆ భయం ఇంకా పోలేదు.

బిడ్డ ముఖం ఎలా ఏర్పడుతుందో పిండాభివృద్ధి శాస్త్రం వివరంగా చెబుతోంది. మెదడు, వెన్నుపాము కాబోయే నాళం అంచున న్యూరల్ క్రెస్ట్ అనే కణాలు పుట్టి, ముందువైపుకు ప్రయాణిస్తాయి. వాటితో నుదుటి వైపు నుంచి, రెండు చెంపల వైపు నుంచి చిన్న చిన్న కండలు ఎదిగి వచ్చి ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. పైపెదవి గర్భం నాలుగు, ఏడు వారాల మధ్య ఏర్పడుతుంది. అంగిలి ఆరు, తొమ్మిది వారాల మధ్య రూపు దిద్దుకుంటుంది. అతుకు పడనిచోట చీలిక మిగులుతుంది.

ఇప్పుడు ఆచారాన్ని ఈ లెక్కతో సరిచూడండి. ఏడో నెల గర్భిణిని గదిలో కూర్చోబెట్టేనాటికి బిడ్డ పెదవి ఏర్పడి నెలలు గడిచిపోయి ఉంటాయి. పెదవి ఏర్పడే ఆ తొలి వారాల్లోనైతే, కడుపు పండిన సంగతి చాలామంది స్త్రీలకే ఇంకా తెలియదు. పైగా సూర్యగ్రహణం అంటే చంద్రుడి నీడ భూమి మీద పడటం. ఆ నీడ గోడలు దాటి గర్భంలోకి వెళ్లి కణాలను ఆపే మార్గమేదీ లేదు. ప్రపంచంలో దాదాపు 700 మంది పిల్లల్లో ఒకరు మొర్రితోనో అంగిలి చీలికతోనో పుడుతున్నారు. ఆ సమయంలో గ్రహణం కనిపించని దేశాల్లోనూ, గ్రహణం లేని నెలల్లోనూ పుడుతూనే ఉన్నారు. కుక్కపిల్లలూ, దూడలూ కూడా ఇలా పుడతాయి.

అసలు కారణాల వేట చాలా దూరం వచ్చింది. ఐఆర్‌ఎఫ్6 అనే జన్యువులో లోపం వల్ల వంశపారంపర్యంగా ఒక రకం మొర్రి వస్తుందని 2002లో తేలింది. లండన్ యూనివర్సిటీ కాలేజీ, బ్రెజిల్ శాస్త్రవేత్తలు 2023లో మరో ముఖ్యమైన సంగతి బయటపెట్టారు. కణాలను ఒకదానికొకటి అంటిపెట్టుకునేలా చేసే ఈ-క్యాడ్‌హెరిన్ అనే ప్రొటీన్ తాలూకు జన్యువులో లోపం ఉండి, దానికి ఇన్‌ఫ్లమేషన్ (వాపు) తోడైతే, న్యూరల్ క్రెస్ట్ కణాల ప్రయాణం దెబ్బతింటుందని కప్ప, ఎలుక పిండాల్లో చూపారు. జన్యువులు, గర్భంలోని పరిసరాలు కలిసి పనిచేస్తాయి. పొగ తాగడం, మద్యం, అదుపులో లేని మధుమేహం, కొన్ని మూర్ఛ మందులు ఈ ముప్పును పెంచుతాయని కూడా తెలుసు.

ఇంత తెలిసిన తర్వాత కూడా మొర్రితో బిడ్డ పుడితే "గ్రహణం నాడు బయటికెందుకొచ్చావు?" అని తల్లిని నిలదీయడం అన్యాయం. అది ఆమె చేయని తప్పును జీవితాంతం ఆమె మీద మోపుతుంది. గ్రహణం పేరుతో నిండు గర్భిణిని పస్తుంచడం, నీళ్లు ఇవ్వకపోవడం ప్రమాదకరం కూడా. అంతకంటే పెద్ద నష్టం ఏమిటంటే, నిజంగా తీసుకోవలసిన జాగ్రత్తలు పక్కకు పోతాయి. పిల్లల్ని కనాలనుకున్నప్పుడే డాక్టరు సలహాతో ఫోలిక్ యాసిడ్ బిళ్ళలు మొదలుపెట్టాలి. మధుమేహాన్ని అదుపులో ఉంచుకోవాలి. మూర్ఛ మందులు వాడేవారు సొంతంగా మానేయకుండా ముందే డాక్టరుతో మాట్లాడాలి. ఇంట్లో మగవాళ్లు గర్భిణి దగ్గర పొగ తాగడం మానాలి.

మొర్రితో పుట్టిన బిడ్డకు దారి ఉంది. పెదవికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల వయసులో ఆపరేషన్ చేస్తారు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లలకు ఉచితంగా చికిత్స అందుతుంది. వచ్చే గ్రహణం నాడు మీ ఇంట్లో గర్భిణి ఉంటే వేళకు అన్నం పెట్టండి, నీళ్లివ్వండి, ఆకాశం చూస్తానంటే గ్రహణం చూసే ప్రత్యేక కళ్లద్దాలు తెచ్చివ్వండి. మీ బంధువుల్లో మొర్రితో బిడ్డ పుడితే తల్లిని ప్రశ్నలడగడం మాని, బిడ్డను ఆస్పత్రికి తీసుకెళ్లే పని మీరు తీసుకోండి.